గీజరు మీద ఫిర్యాదు

ఆయన మిల్లులో ముప్పై రెండేళ్ళు టైంకీపరుగా పనిచేసి రిటైరయ్యాడు. గేటు దగ్గర కూర్చుని ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ చూపు మాత్రం పోలేదు. పట్టుకోవడానికి మిల్లు పనివాళ్ళు లేకపోయేసరికి ఇంట్లో లైట్ల మీదా ఫ్యాన్ల మీదా పడ్డాడు. వీధిలో అందరూ ఆయన్ని గౌరవంగా టైంకీపరుగారు అనేవారు. ఇంట్లో భార్యా కోడలూ కలిసి, ఆయన వినకుండా, వేరే పేరు పెట్టుకున్నారు. కట్టాఫీసరు.

కోడలు వంటింట్లోంచి పక్కగదికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకునేలోగా వంటింట్లో లైటు ఆరిపోయి ఉండేది. భార్య ఒంటికి సబ్బు రాసుకున్నాక బాత్రూంలో చీకటి పడేది. "లోపల నేనున్నానండీ" అని ఆవిడ అరిస్తే, "ఉన్నట్టు చప్పుడు చెయ్యొద్దూ" అనేవాడు బయటి నుంచి. అప్పటి నుంచి ఆవిడ స్నానం చేసినంత సేపూ చెంబుతో బకెట్టు మీద కొడుతూ ఉండేది. ఫ్యాను రెండో నంబరు దాటకూడదు. ఫ్రిజ్జుని గోడ మూలకి ఇరికించి, చల్లదనం ఎగిరిపోకుండా దాని మీద దళసరి రగ్గు కప్పించాడు. కొడుకు ఇవేవీ పట్టించుకోకుండా పొద్దున్నే ఆఫీసుకి పోయి, చీకటి పడ్డాకే వచ్చేవాడు. అతనిది పని మీద ప్రేమ కాదని, ఆ ఆఫీసులో ఏసీ ఉందని కోడలికి గట్టి అనుమానం.

ఇంత కట్టుదిట్టంగా ఉన్న ఇంట్లో ఆర్నెల్ల నుంచి మీటరు పిచ్చెక్కినట్టు తిరగసాగింది. నెలకి వంద యూనిట్ల దాకా ఎక్కువ వస్తున్నాయి. టైంకీపరుగారు పొద్దునా సాయంత్రం మీటరు ముందు నిలబడి, జ్వరం తగ్గని రోగిని చూసినట్టు దాన్ని చూసేవాడు. మొదట కోడలి మిక్సీని అనుమానించాడు. మిక్సీని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాలుగు రోజులైనా జ్వరం తగ్గలేదు.

అప్పుడు ఆయన చూపు పక్కింటి మీద పడింది.

పక్కింట్లో దర్జీ ఉంటాడు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, రెండు మీటర్లూ ఆ గోడ మీదే పక్కపక్కన. దర్జీ నెమ్మదస్తుడు. ఎప్పుడూ చొక్కా కాలరుకి గుండుసూదులు గుచ్చుకుని, మెడలో టేపు వేసుకుని తిరుగుతాడు. సరిగ్గా ఆర్నెల్ల కిందటే అతను మోటారు మిషనుతో పాటు పెద్ద ఇస్త్రీ పెట్టె కూడా కొన్నాడు. ఇంక ఏం కావాలి? టైంకీపరుగారి బుర్రలో కేసు నడిచిపోయింది, తీర్పు కూడా వచ్చేసింది. దర్జీ కనిపిస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. పెరట్లో గులాబీలు ఎండిపోతుంటే, అదీ ఇస్త్రీ పెట్టె సెగేనని గోడ అవతలికి వినిపించేలా అన్నాడు. చివరికి ఇంట్లో ఒక్కరికీ చెప్పకుండా కరెంటాఫీసుకి వెళ్ళి, పక్కింటాయన గోడలోంచి నా కరెంటు లాగుతున్నాడు, విచారించవలసింది అని అర్జీ ఇచ్చి వచ్చాడు. శుక్రవారం పదింటికి మనిషిని పంపిస్తామన్నారు.

ఆఫీసరు వచ్చేలోపు చేతిలో సాక్ష్యం ఉంటే బాగుంటుందని ఆయనకి గురువారం తోచింది. "తెలిసిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉన్నారా అమ్మాయ్?" అని కోడల్ని అడిగాడు.

కోడలు తన స్నేహితురాలింట్లో వైరింగు చేసినావిణ్ణి పిలిపించింది. నలభై దాటిన మనిషి. జుట్టు గట్టిగా ముడేసుకుని, భుజాన బరువైన సంచీతో, చెవి వెనక టెస్టరుతో వచ్చింది. టైంకీపరుగారు మగమనిషి వస్తాడనుకున్నాడు. అయినా ఆవిడ సరిగ్గా చెప్పిన టైముకి వచ్చింది కనుక ఆ లోటు క్షమించేశాడు.

"ఏం సమస్య బాబాయ్‌గారూ?" అందావిడ చెప్పులు విప్పుతూ.

"సమస్య కాదమ్మా, దొంగతనం. దొంగెవరో నాకు తెలుసు. నువ్వు సాక్ష్యం చూపిస్తే చాలు."

"నేను పోలీసుని కాదండీ. వైర్లు చూస్తాను."

"ఆ వైర్లే సాక్ష్యం."

ఆవిడ మీటరు ముందు మెట్టు మీద కూర్చుని, ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపమంది, ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పీకమంది. ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఒకేసారి ఆపే అవకాశం టైంకీపరుగారికి జీవితంలో అదే మొదటిసారి. గదిగదికీ తిరిగి, పెళ్ళిపెద్ద హోదాలో పని ముగించుకుని వచ్చాడు. మీటరు మీద కరెంటు నడిచినప్పుడల్లా మిణుకుమనే చిన్న ఎర్ర దీపం ఉంటుంది. అది కదలకుండా చచ్చినట్టు పడి ఉంది.

"ఏమీ పోవట్లేదండీ," అందావిడ.

"ఉండమ్మా. వాడింకా పని మొదలుపెట్టలేదు."

పది నిమిషాలు గడిచాయి. కోడలు టీ పెట్టి తెచ్చింది. గోడ అవతల దర్జీ మిషను గర్రుమని మొదలైంది. ఒక నిమిషమైందో లేదో, ఎర్ర దీపం గబగబా కొట్టుకోసాగింది.

టైంకీపరుగారు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆర్నెల్లుగా ఈ క్షణం కోసమే బతికున్నట్టుంది ఆయన మొహం. గోడ మీదుగా గొంతెత్తి దర్జీని పిలిచాడు. దర్జీ సగం కుట్టిన చొక్కా చెయ్యి ఒకటి పట్టుకుని అలాగే వచ్చాడు. ఆర్నెల్ల తర్వాత పక్కింటాయన పలకరించాడన్న సంతోషం అతని మొహంలో దాగలేదు.

"పిలిచారా అన్నయ్యగారూ?"

"పిలవలేదు. పట్టుకున్నాను. ఇటొచ్చి ఈ దీపం చూడు."

దర్జీ చూశాడు. ఏం చూడాలో అతనికి అర్థం కాలేదు. ఎలక్ట్రీషియన్ అడిగింది. "మీ మిషను ఆపేసి వచ్చారా అండీ?"

"ఆపే వచ్చానమ్మా."

"ఇస్త్రీ పెట్టె?"

"ఇవాళ ఇంకా ప్లగ్గే పెట్టలేదు."

ఎర్ర దీపం మాత్రం అదే జోరులో ఉంది. ఆవిడ దర్జీ చేత అతనింటి మెయిను స్విచ్చు ఆపించింది. అతని మీటరు కళ్ళు మూసుకుంది. టైంకీపరుగారి మీటరు చెక్కుచెదరలేదు. అప్పుడు టైంకీపరుగారి మెయిను ఆపింది. దీపం ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పరుగు.

"దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు బాబాయ్‌గారూ," అంది నెమ్మదిగా.

టైంకీపరుగారి కళ్ళు వెంటనే కోడలి వైపు తిరిగాయి.

"మిక్సీ బీరువాలో ఉంది మావయ్యా. తాళంచెవి మీ జేబులో ఉంది," అంది కోడలు.

ఎలక్ట్రీషియన్ సంచీలోంచి పీతడెక్కలా నోరు తెరిచే మీటరు తీసి, బోర్డులో ఒక్కో వైరుకీ తగిలిస్తూ పోయింది. మూడు వైర్ల దగ్గర సున్నా. నాలుగో వైరు దగ్గర ఎనిమిదిన్నర ఆంపియర్లు అని చూపించింది. "ఇది బాత్రూం వైపు పోతోంది. గీజరు వేసుందా?"

"అది మాత్రం కాదమ్మా," అన్నాడు టైంకీపరుగారు. ఆయన గొంతులో మళ్ళీ బలం వచ్చింది. "గీజరు స్విచ్చు ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఆరింటికి నేనే వేస్తాను, ఆరూ ఇరవైకి నేనే ఆపుతాను. ఒక్క రోజు తప్పలేదు. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా లేచి ఆపాను."

అందరూ బాత్రూం ముందుకి నడిచారు. పిలవకపోయినా దర్జీ కూడా వచ్చాడు. గీజరు స్విచ్చు నిజంగానే ఆపి ఉంది. ఆవిడ మెయిను ఆపి వచ్చి, స్క్రూలు విప్పి, స్విచ్చుని పలకతో సహా బయటికి లాగి టార్చి వేసి చూసింది. చూసి, నవ్వు ఆపుకోవడానికి కాస్త దగ్గింది.

"ఈ స్విచ్చు దేనికీ కలిసిలేదండీ."

"అంటే?"

"గీజరు వైర్లు వెనకాల ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టేశారు. కరెంటు తిన్నగా పోతోంది. ఈ స్విచ్చు ఊరికే గోడకి అతికించి ఉంది. మీరు వేసినా, ఆపినా గీజరుకి తెలీదు."

టైంకీపరుగారు వేలితో స్విచ్చుని నొక్కాడు. టక్కుమంది. మళ్ళీ నొక్కాడు. ఎప్పటిలాగే, నమ్మకస్తుడిలా, టక్కుమంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"టేపు ఎండి బెరడైపోయింది. ఏడెనిమిదేళ్ళు ఉంటుంది."

ఏడేళ్ళ కిందట ఈ స్విచ్చు మాడిపోతే ఒక రిపేరు మనిషిని పిలిచిన సంగతి ఆయనకి గుర్తుకొచ్చింది. కొత్త స్విచ్చు వెయ్యాలని అతనంటే, "మీ బేరాలు నాకు తెలుసు. స్విచ్చుతో నాకు పనిలేదు, గీజరు పనిచేస్తే చాలు" అని తనే గదమాయించాడు. ఆ మనిషి అక్షరాలా చెప్పింది చేసి వెళ్ళిపోయాడు. గీజరు మీద ఉండే దీపం కూడా ఎప్పుడో ఆరిపోవడంతో ఎవరికీ తెలియలేదు.

"మధ్యాహ్నం కూడా వేణ్ణీళ్ళు వస్తున్నాయని నేను చెప్పానా లేదా?" అంది భార్య. "ఎండకి పైపు కాలిందన్నారు. వానాకాలంలో చెప్తే నోరు మూసుకోమన్నారు."

టైంకీపరుగారు ఆఖరి వాదన తీశాడు. "సరే. మరి ఏడేళ్ళుగా లేని యూనిట్లు ఆర్నెల్ల నుంచే ఎందుకొచ్చాయి?"

ఎలక్ట్రీషియన్ కొళాయి కింద ఉన్న బకెట్టు చూపించింది. వేణ్ణీళ్ళ కొళాయి వాషరు అరిగి సన్నటి ధార కారుతోంది. ఆర్నెల్ల నుంచీ కారుతోంది. ఒక్క చుక్క వృథా కాకూడదని ఆయనే బకెట్టు పెట్టించాడు. రోజుకి నాలుగు బకెట్లు నిండేవి. నాలుగూ తనే మోసుకెళ్ళి గులాబీలకి పోసేవాడు. ఆ పొదుపు గురించి వీధిలో నలుగురికీ చెప్పాడు కూడా.

"వాడకపోతే గీజరు నీళ్ళు కాచి ఆగిపోతుంది," అందావిడ. "దీన్ని ఈ కొళాయి ఆగనివ్వట్లేదు. వేడి ఇటు పోతుంటే అటు చన్నీళ్ళు వచ్చి పడుతున్నాయి, అది మళ్ళీ కాస్తోంది. పగలూ రాత్రీ ఇదే పని. ఇందాక మీటరు పరిగెత్తింది అందుకే."

దర్జీ ఎంతో మర్యాదగా, నేల చూస్తూ అన్నాడు. "అయితే గులాబీలు నా ఇస్త్రీ పెట్టె వల్ల కాదన్నమాట."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తేరుకుని వచ్చి, ఇంత మంచి రోజు మళ్ళీ రాదని గ్రహించినదానిలా అడిగింది. "అక్కా, పనిలో పని. ఫ్యాను రెండులో పెడితే కరెంటు మిగులుతుందా?"

ఫ్యాను వేసి రెండు నిమిషాలాగాక, గోడ మీదున్న నల్లటి డబ్బా రెగ్యులేటరు మీద ఎలక్ట్రీషియన్ అరచెయ్యి ఆనించింది. "బాబాయ్‌గారూ, ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆయన పెట్టి, చురుక్కుమంటే తీసేశాడు.

"పాతకాలం డబ్బా ఇది. ఫ్యానుకి తగ్గించిన కరెంటులో చాలామటుకు ఇక్కడ వేడైపోతుంది. మీకు గాలీ రాదు, మిగిలేదీ పెద్దగా ఉండదు. చిన్న కొత్త రెగ్యులేటరు వేస్తే నిజంగా మిగులుతుంది."

"పదకొండేళ్ళు," అంది భార్య ఎవరితోనూ కానట్టు. "పదకొండేళ్ళు విసనకర్రతో విసురుకున్నాను, ఫ్యాను కింద కూర్చుని."

ఫ్రిజ్జు దగ్గరికొచ్చేసరికి ఎలక్ట్రీషియన్ అలాగే నిలబడిపోయింది. "దీనికేమైనా చలిజ్వరమా అండీ?"

"చల్లదనం పోకుండా," అన్నాడు టైంకీపరుగారు. ఆ మాట సగంలోనే ఆయనకి తన మీదే నమ్మకం పోయింది.

లోపలి వేడిని వెనక నుంచి బయటికి నెట్టడమే ఫ్రిజ్జు చేసే పనని, దానికి ఊపిరాడక రోజంతా రొప్పుతోందని ఆవిడ చెప్పింది. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగింది. కాగితం జారి వచ్చేసింది. తలుపు రబ్బరు మార్చాలంది. రగ్గు తీసేసి, ఫ్రిజ్జుని జానెడు ముందుకి లాగమంది. "దీనికేమీ కొనక్కర్లేదు. లాగితే చాలు."

భార్యా కోడలూ చెరోపక్కా పట్టుకుని లాగారు. దర్జీ ఒక చెయ్యి వేశాడు. టైంకీపరుగారు మాత్రం ఆ రగ్గు చంకలో పెట్టుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

కొంతసేపటికి ఎలక్ట్రీషియన్ కొళాయికి కొత్త వాషరు వేసి, గీజరుకి అసలైన స్విచ్చు బిగించి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఒక్కటి చెప్పమ్మా," అన్నాడాయన. "నేను చేసినదాన్లో పనికొచ్చేది ఒక్కటైనా ఉందా?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. ఊరడించడానికి అబద్ధమాడే మనిషి కాదు. "లైట్లు ఆపడం మంచిదేనండీ. మిగిలేది కొంచెమే, కానీ మంచిదే. మీ శ్రద్ధలో లోపం లేదు బాబాయ్‌గారూ. దాన్ని ఒక్కసారి సరైన చోట పెట్టండి. ఎక్కువ తినేవి వేడి చేసేవీ, చల్లబరిచేవీ. ముందు వాటిని చూసుకోవాలి. మనుషుల్ని తర్వాత చూసుకోవచ్చు." రెగ్యులేటర్లూ ఫ్రిజ్జు రబ్బరూ తీసుకుని సోమవారం వస్తానని వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తుకొచ్చింది ఆయనకి అర్జీ సంగతి. భార్యని పక్కకి పిలిచి చెప్పాడు. ఆవిడ నుదురు కొట్టుకోలేదు, తిట్టనూ లేదు. "రేపు పదింటికే కదా," అంది. "ఎవరెప్పుడొచ్చారో చూడ్డం మీకు అలవాటే. గేటు దగ్గర కూర్చోండి."

మర్నాడు తొమ్మిదిన్నర నుంచే ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆఫీసరుని వీధి మలుపులోనే ఆపి వెనక్కి పంపించెయ్యాలని ఆయన పథకం. ఆఫీసరు అవతలి సందులోంచి వచ్చి, తిన్నగా దర్జీ ఇంటి తలుపు కొట్టాడు. టైంకీపరుగారు పరిగెత్తుకుని వెళ్ళేసరికి అర్జీ పైకి చదవడం కూడా అయిపోవస్తోంది.

"... పక్కింట్లో ఉంటున్న సదరు వ్యక్తి రహస్యంగా గోడలోంచి నా కరెంటు అపహరిస్తున్నాడు గనుక..." ఆఫీసరు తలెత్తాడు. "సదరు వ్యక్తి మీరేనా?"

దర్జీ నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి కాలరుకి గుచ్చుకున్నాడు. తర్వాత టైంకీపరుగారి వైపు చూశాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండునని టైంకీపరుగారికి అనిపించింది.

"అయ్యా, ఆ అర్జీ రాసింది నేను," అన్నాడాయన రొప్పుతూ. "దొంగ దొరికాడండీ. ఈయన కాదు."

"మరెవరు?"

"గీజరు."

ఆఫీసరు ఉద్యోగంలో చాలా రకాల మనుషుల్ని చూసినవాడు. ఓపిగ్గా అడిగాడు. "ఎవరి గీజరు?"

"నాదే. నా గీజరు నా కరెంటే తినేసింది. నా తెలివితక్కువతనం వల్ల. ఆ కారిన నీళ్ళు కూడా నేనే మోశాను." అక్కణ్ణుంచి ఆయన ఏదీ దాచుకోలేదు. స్విచ్చూ, బకెట్టూ, గులాబీలూ, రెగ్యులేటరూ, ఫ్రిజ్జు రగ్గూ అన్నీ వరసగా ఒప్పుకున్నాడు. రగ్గు సంగతి అడక్కుండానే చెప్పాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు.

"మీ కరెంటు మీరే దొంగిలిస్తే రాయడానికి మా దగ్గర కాగితం లేదండీ," అన్నాడు ఆఫీసరు. "అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి." సంతకం పెట్టించుకుని, పోతూ పోతూ ఆగి, ఆ ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు.

దర్జీ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మిషను చప్పుడు మధ్యాహ్నం దాకా వినిపించలేదు.

శనివారం టైంకీపరుగారు ఇంట్లో ఒక్క లైటు కూడా ఆపలేదు. మనసు అక్కడ లేదు. ఆదివారం పొద్దున బీరువా తెరిచి, మిక్సీ తీసి కోడలి చేతిలో పెట్టాడు. దాని వెనక మూడేళ్ళుగా పడి ఉన్న చొక్కా గుడ్డ కనిపించింది. అది పట్టుకుని దర్జీ ఇంటికి వెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు.

దర్జీ గుడ్డని చూశాడు, ఆయన్ని చూశాడు. "నన్నొక్క మాట అడిగుంటే సరిపోయేది కదన్నయ్యగారూ. నా మెయిను స్విచ్చు నేనే ఆపి చూపించేవాణ్ణి."

"అడగాల్సింది. తప్పయింది."

దర్జీ మెడలోంచి టేపు తీశాడు. "లోపలికి రండి. చేతులు కాస్త ఎత్తండి."

ఆయన చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు, పట్టుబడినవాడిలా. దర్జీ ఛాతీ కొలిచాడు, భుజం కొలిచాడు, నడుం దగ్గర అవసరమైనదాని కంటే ఒక్క పిసరు గట్టిగా బిగించాడు. టైంకీపరుగారు పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

"జేబు ఒకటా, రెండా?"

"రెండు." తల తిప్పి గోడవారనున్న ఇస్త్రీ పెట్టెని చూశాడు. "రేపు ఆవిడ మా ఇంటికి వస్తోంది. నీ ఇస్త్రీ పెట్టె కూడా ఒకసారి చూపిద్దామా? అసలు ఎక్కువ తినేవి వేడి చేసేవీ, చల్లబరిచేవీనయ్యా. చాలామందికి ఈ సంగతి తెలీదు."

"అవునాండీ," అన్నాడు దర్జీ, సూది నోట్లో పెట్టుకుంటూ. "చేతులు దించకండి. ఇంకా అవలేదు."